బండకు రంగు వద్దు, గోడకు సరిగ్గా వేద్దాం

సంపాదకులకు నమస్కారం.

చలి మొదలైందంటే హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టలకు జనం తాకిడి పెరుగుతుంది. ఖాజాగూడ, మౌలాలి, కాస్త దూరమైతే భువనగిరి. తెల్లవారకముందే కెమెరాలు, తాళ్లు, నీళ్ల సీసాలు సర్దుకుని బయల్దేరే కుర్రకారును చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ గుట్టల మీదే స్ప్రే డబ్బాతో రాసిన పేర్లు, దారి చూపే తెల్ల బాణాలు, ట్యూషన్ల ప్రకటనలు ఎక్కువైపోతున్నాయి. కొందరైతే మంచి మనసుతోనే, "ఖాళీగా ఉందిగా, అందంగా చేద్దాం" అని బండల మీద బొమ్మలు వేస్తున్నారు. అలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాం. వాళ్ల చేతిలో కళ ఉంది. దానికి గోడ కావాలి.

ఆ బండ దగ్గరికి వెళ్లి, జానెడు దూరంలో కళ్లు పెట్టి చూడండి. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ పలుకులు, వాటి మధ్య గాజుముక్కల్లా పలుగురాయి, అక్కడక్కడ మిరియపు పొడి చల్లినట్టు నల్లని అభ్రకం. భూమి లోపల కరిగిన రాయి నెమ్మదిగా చల్లారితేనే పలుకులు ఇంత పెద్దవిగా కడతాయి. ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. చల్లారిన శిలలో నిలువుగా, అడ్డంగా పగుళ్లు పడ్డాయి. పగుళ్లలోకి నీరు దిగి మూలలను తినేసింది. మూలకు రెండు మూడు వైపుల నుంచి తడి తగులుతుంది కాబట్టి అదే ముందు అరిగి, పలకలా ఉన్న రాయి గుండ్రమైంది. చుట్టూ పొడైన మట్టి వానలకు కొట్టుకుపోయాక రాయి మీద రాయి మిగిలింది. ఎవరో ఎత్తి పేర్చినట్టు కనిపించే ఆ దొంతరలు అక్కడే పుట్టి అక్కడే నిలబడ్డాయి. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న పుట్టగొడుగు రాయి పుట్టుక కూడా ఇదే.

రాయి మీద బూడిద రంగు, ఆకుపచ్చ రంగు మచ్చలుగా కనిపించేవి లైకెన్లు, అంటే నాచు, శిలీంధ్రం కలిసి బతికే జీవులు. మసాలాలో వేసుకునే రాతిపువ్వు ఈ జాతిదే. చాలా రకాలు ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగవు. అరచేయంత మచ్చ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. ఒక్క పూత ఎనామిల్ పడితే వెలుతురు అందక అది చచ్చిపోతుంది.

ఇక ఎక్కేవాళ్ల సంగతి. గ్రానైట్ మీద కాలు ఆగేది ఆ పలుకుల గరుకుదనం వల్లే. రంగు ఆ గరుకును కప్పేసి నున్నటి పొర చేస్తుంది. మంచు తడికి ఆ పొర మీద రబ్బరు బూటు జారుతుంది. భువనగిరి కోట నిలబడింది ఒకే శిల మీద. 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకుంది ఆ గుట్ట మీదే. అలాంటి రాయి మీద దారి గుర్తుకు పెయింట్ బాణాలు అక్కర్లేదు. ఫోన్‌లో దారి నమోదు చేసుకోవచ్చు, లేదా చెట్టుకొమ్మకు గుడ్డపీలిక కట్టి దిగేటప్పుడు విప్పుకోవచ్చు. చేతులకు పూసుకునే సుద్దపొడి మరకలను కూడా మెత్తని నైలాన్ బ్రష్‌తో దులిపి దిగడం ఎక్కేవాళ్లలో మర్యాద.

ఇప్పటికే పడిన రంగును తీద్దామని వెళ్లేవాళ్లు చేసే పొరపాట్లు అసలు దెబ్బ కంటే పెద్దవి. ఇనుప బ్రష్‌తో గీకితే ఇనుప రజను రాతిలో దిగి, తొలి వానకే తుప్పు చారలు కడుతుంది. బాత్రూమ్ యాసిడ్ పోస్తే నల్ల అభ్రకంలోని ఇనుము కరిగి పసుపు మరక తేలుతుంది, అది పోదు. జోరుగా నీళ్లు చిమ్మే యంత్రం రంగును రంధ్రాల్లోకి ఇంకా లోతుగా నెడుతుంది. కాల్చి తీద్దామనే ఆలోచన అన్నిటికంటే ప్రమాదం. పూర్వం రాళ్లు కొట్టే వడ్డెరలు బండ మీద మంట పెట్టి పలకలు లేపేవారు. వేడికి పైపొర ఉబ్బి పెటిల్లున ఊడుతుంది. బండను ఆనించి చలిమంట వేసినా జరిగేది ఇదే, కాబట్టి క్యాంపింగ్‌కు వెళ్లేవాళ్లూ గమనించాలి.

సరైన పద్ధతికి ఓపిక కావాలి. రంగు ఇంకా తడిగా ఉంటే, అదీ నీళ్ల రంగైతే, తడిగుడ్డలు మార్చి మార్చి అద్దాలి. రుద్దకూడదు. ఎండిన ఎనామిల్‌కైతే జిగురులా ఉండే పెయింట్ రిమూవర్‌ను ముందు కనపడని చోట అరచేయంత మేర రాసి చూడాలి. డబ్బా మీద రాసినంతసేపు, మామూలుగా పావుగంట ఇరవై నిమిషాలు, ఉంచి నైలాన్ బ్రష్‌తో కదిపి, ఆ మడ్డిని గుడ్డతో ఎత్తేయాలి. నీళ్లు పోసి కిందికి కడిగితే అది మట్టిలోకి, పక్కనున్న కుంటలోకి చేరుతుంది. మూడు నాలుగు సార్లు చేస్తే తప్ప రంగు వదలదు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. లైకెన్ ఉన్నచోట చేయి పెట్టకుండా వదిలేయడమే మేలు.

ఇది మన ఒక్క ఊరి బాధ కాదు. మనాలి–రోహ్‌తంగ్ దారిలో కొండరాళ్ల మీద కంపెనీల ప్రకటనలు రాస్తే 2002లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు గోడల మాట. ఖైరతాబాద్ దగ్గరి ఎం.ఎస్. మక్తాలో 2016లో వీధి చిత్రకళ కోసం పనిచేసే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఇళ్ల గోడల మీద వేయించిన చిత్రాలు ఇరుకు సందులకు కొత్త ఊపిరి పోశాయి. ఇలాంటివి ప్రతి వార్డులోనూ రావాలి. అయితే చాలాచోట్ల వేసిన బొమ్మ రెండో వానాకాలానికే పెచ్చులూడుతోంది. తప్పు చిత్రకారుడిది కాదు, గోడను సిద్ధం చేయకపోవడం. పాత సున్నం మీద నేరుగా రంగు వేస్తే, రంగు పట్టుకునేది సున్నాన్నే. సున్నం ఊడితే దానితో పాటే బొమ్మా ఊడుతుంది.

కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆరనివ్వాలి. పాత గోడైతే వదులుగా ఉన్న పెచ్చులన్నీ గీకి, నాచు కడిగి, రెండు మూడు రోజులు ఎండనివ్వాలి. పగుళ్లకు బయటి గోడలకు వాడే లప్పమే పెట్టాలి, లోపలి గోడల లప్పం వానకు మెత్తబడుతుంది. ఆ తర్వాత ఒక పూత ప్రైమర్, రెండు పూతల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయటి గోడలకు వేసే నీళ్ల రంగు), దాని మీద బొమ్మ. పది అడుగుల ఎత్తు, ఇరవై అడుగుల పొడవున్న గోడకు రమారమి 2 లీటర్ల ప్రైమర్, 4 లీటర్ల ఎమల్షన్ పడుతుంది. గోడ గరుకుగా ఉంటే ఇంకో లీటరు ఎక్కువే. చవక అని లోపలి గోడలకు వేసే డిస్టెంపర్ కొంటే మొత్తం శ్రమ వానపాలు.

నేల నుంచి అడుగున్నర మేర చెమ్మ ఎగబాకుతుంది. అక్కడ తెల్లగా ఉప్పు పూస్తుంటే ఎంత మంచి రంగైనా పొక్కులు లేస్తుంది. ఆ పట్టీని ముదురు రంగుతో విడిగా వదిలి, మొహాలు, అక్షరాలు దానికి పైన వచ్చేలా బొమ్మ కుదుర్చుకోవాలి. పడమటి ఎండ కొట్టే గోడకు మెరిసే గులాబీలు, నిమ్మపసుపులు వద్దు, అవి ముందు వెలిసిపోతాయి. మన గడపలకు పూసే జాజు రంగు, గోపీచందనపు రంగు లాంటి మట్టిరంగులు ఏళ్ల తరబడి నిలుస్తాయి. చిన్న బొమ్మను గోడకెక్కించడానికి పాత పద్ధతే సులువు. కాగితం మీద అంగుళానికో గడి, గోడ మీద సుద్ద రాసిన దారం కొట్టి అడుగుకో గడి. ఏ గడిలో ఏముందో ఆ గడిలో అది. పది అడుగులు దాటితే నిచ్చెన చాలదు, పరంజా కట్టాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పనికి అనువు. వేసవి మధ్యాహ్నం కాలిన గోడ మీద రంగు పట్టుకోకముందే ఎండిపోతుంది.

ఇంటి యజమాని రాతపూర్వక అనుమతి, మున్సిపల్ గోడైతే వార్డు ఆఫీసు అనుమతి ముందే తీసుకోవాలి. లేకపోతే నెల తిరక్కుండానే పోస్టర్లు అంటిస్తారు, లేదా ఎన్నికలప్పుడు సున్నం కొట్టేస్తారు.

ఫొటోలు తీసేవాళ్లకు కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే బండ మీద పేరు రాసే సరదా చాలావరకు ఫొటో కోసమే. రాయి తనంతట తానే ఫొటోలో బాగా వస్తుంది, వెలుగు కుదిరితే చాలు. సూర్యోదయం తర్వాత మొదటి నలభై నిమిషాలు పక్కవాటు ఎండ ప్రతి పలుకుకూ చిన్న నీడ వేస్తుంది. మధ్యాహ్నానికి అదే రాయి తెల్లగా, చప్పగా అయిపోతుంది. రాయి మీద రాయి ఉన్నచోట తీయాల్సింది వాటి మధ్య సందును. మోకాళ్ల మీద కూర్చుంటే ఆ సందులోంచి ఆకాశం కనిపిస్తుంది, అప్పుడే పైరాయి గాల్లో నిలబడ్డట్టు వస్తుంది. ఫోన్‌లో వెడల్పు లెన్స్ వాడితే అంచులు వంగి, వెనుక రాయి చిన్నదైపోతుంది. ఇరవై ముప్పై అడుగులు వెనక్కి జరిగి రెండింతల జూమ్ పెట్టండి. తెర మీద ఎండ పడిన రాతిని వేలితో నొక్కి పట్టి, వెలుగు కొంచెం తగ్గిస్తే పైపొర వివరం తెల్లబారిపోదు. కొలత తెలియాలంటే పక్కన మనిషి నిలబడితే చాలు. వాన వెలిసిన వెంటనే గులాబీ రంగు బాగా తేలుతుంది, కానీ అప్పుడు ఎక్కకండి, కింద నుంచే తీయండి.

ఈ రాళ్ల కోసం 1996 నుంచి పనిచేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్ నెలనెలా గుట్టల నడకలు నిర్వహిస్తోంది. కళాశాలల ఫొటో క్లబ్బులు, చిత్రకళా విద్యార్థులు ఒక్కసారైనా వాటిలో కలవాలి. మున్సిపల్ అధికారులను కోరేది ఒక్కటే. ప్రతి వార్డులో బొమ్మలు వేసుకోదగ్గ గోడల జాబితాను, కొలతలతో, అనుమతి ఎవరిని అడగాలో రాసి, వార్డు ఆఫీసు బోర్డు మీద పెట్టండి. గుట్ట ఎక్కే దారి మొదట్లో కూడా దగ్గరలోని అలాంటి గోడ ఎక్కడుందో చూపే పలక ఒకటి నాటండి. దాన్ని మట్టిలోనే నాటండి, బండకు మేకులు కొట్టి బిగించకండి.

ఇట్లు,
గుట్టలెక్కే, బొమ్మలు వేసే, ఫొటోలు తీసే కొందరు పాఠకులు,
హైదరాబాద్