పాంబన్ పాత రెక్కలను తుక్కుకు వేయకండి

సంపాదకులకు,

రామేశ్వరం దీవిని తమిళనాడు తీరంతో కలిపిన పాంబన్ పాత రైలు వంతెనను విప్పేసే సన్నాహాల గురించి పత్రికల్లో వస్తున్న వార్తలు చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను చెన్నైలో పాలిటెక్నిక్ విద్యార్థులకు ఇంజినీరింగ్ డ్రాయింగ్ చెప్పి రిటైరైనవాడిని. వంతెన మొత్తాన్ని అలాగే ఉంచమని నేను అడగడం లేదు. ఉప్పుగాలి నూరేళ్లకు పైగా తిన్న ఇనుము అది. 2022 డిసెంబరులో భద్రత కోసం దాని మీద రైళ్లు ఆపేశారు, సబబే. నా బాధంతా మధ్యలో తెరుచుకునే ఆ రెండు రెక్కల గురించి.

పడవల దారిలో వంతెన కట్టాలంటే రెండే మార్గాలు. పడవ కిందుగా వెళ్లేంత ఎత్తున కట్టాలి, లేదా పడవ వచ్చినప్పుడు వంతెన దారి ఇవ్వాలి. లారీ, బస్సు ఏటవాలు ఎక్కగలవు. అందుకే పక్కనే 1988లో ప్రారంభమైన రోడ్డు వంతెనను మధ్యలో ఎత్తుగా కట్టి ఊరుకున్నారు. రైలు అంత వాలు ఎక్కలేదు కనుక దాని వంతెన నీటికి దగ్గరగానే ఉండాలి. అలా ఉంటే పాక్ జలసంధికీ మన్నార్ సింధుశాఖకూ మధ్య తిరిగే నావలకు అడ్డం. 1911లో పని మొదలుపెట్టినవారికి ఎదురైన చిక్కు ఇదే.

దానికి వారు ఎంచుకున్న ఉపాయం షికాగో ఇంజినీరు విలియం షెర్జర్‌ది. ఆయన 1893లోనే చనిపోయాడు, పేటెంటు కూడా ఆ ఏడాదిదే. తన వంతెన తెరుచుకోవడం ఆయన చూడనే లేదు. మామూలు ఎత్తుడు వంతెన ఒక ఇరుసు మీద తిరుగుతుంది, బరువంతా ఆ ఇరుసే మోయాలి. షెర్జర్ ఆ ఇరుసునే తీసేశాడు. రెక్క మొదలును వంపు తిరిగిన ఉక్కు పలకగా మలిచి, ఊగుడు కుర్చీలా వెనక్కి దొర్లేటట్టు చేశాడు. దొర్లేటప్పుడు జారకుండా కింది పట్టాకు పళ్లుంటాయి, అవి పైపలకలోని రంధ్రాల్లో ఒకదాని తర్వాత ఒకటి కూర్చుంటాయి. రెక్క పైకి లేస్తూనే వెనక్కి కూడా జరుగుతుంది కాబట్టి పడవకు దారి మరింత విశాలమవుతుంది. వెనకవైపు ఎదురు బరువు ఉండటం వల్ల పెద్ద శక్తి అక్కర్లేదు. పాంబన్‌లో ఈ పనికి మోటార్లు లేవు. సిబ్బంది పొడవాటి కడ్డీలు పట్టుకుని గుండ్రంగా నడుస్తూ తిప్పితే, వందల టన్నుల ఉక్కు కదిలేది. రోడ్డు వంతెన మీద నిలబడి విద్యార్థులకు ఇది చూపించాను. నల్లబల్ల మీద ఎన్ని బొమ్మలు గీసినా అర్థం కానిది, రెక్క మొదలు దొర్లడం చూడగానే వారికి తెలిసిపోయింది.

1914 ఫిబ్రవరిలో వంతెన మొదలయ్యాక ఎగ్మోర్ నుంచి ధనుష్కోడికి రైలు, అక్కడి నుంచి శ్రీలంకలోని తలైమన్నార్‌కు ఓడ నడిచాయి. 1964 డిసెంబరు తుఫాను ధనుష్కోడిని తుడిచిపెట్టింది, ప్యాసింజర్ రైలును ప్రయాణికులతో సహా మింగేసింది, వంతెన దూలాలను చాలావరకు కడలిపాలు చేసింది. తెరుచుకునే భాగం మాత్రం నిలిచింది. రైల్వే ఇంజినీరు ఇ. శ్రీధరన్ నాయకత్వంలో సముద్రంలో పడిన దూలాలను వెతికి తీసి, 46 రోజుల్లో వంతెనను మళ్లీ నిలబెట్టారు. ఇరుకు పట్టాల మీటర్ గేజ్ కోసం కట్టిన ఆ వంతెన మీదే 2007 నుంచి వెడల్పు పట్టాల బ్రాడ్ గేజ్ రైళ్లు నడిచాయి. రామేశ్వర యాత్రకు వెళ్లిన మన తెలుగు కుటుంబాల్లో ఆ రెక్కల మీదుగా కిటికీలోంచి సముద్రాన్ని చూడనివి తక్కువ.

2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన కొత్త వంతెన గొప్ప పనే. దాదాపు 72 మీటర్ల భాగం రెండు బురుజుల మధ్య నిటారుగా 17 మీటర్లు పైకి లేస్తుంది, మోటార్లతో, నిమిషాల్లో. ఇప్పుడు ఒకే పాయ మీద ఒకే చిక్కుకు మూడు జవాబులు పక్కపక్కన కనిపిస్తున్నాయి: ఎత్తుగా నిలిచింది, వెనక్కి దొర్లేది, నిటారుగా లేచేది. ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠశాల ఎక్కడుంది? వాటిలో మొదట పుట్టినదాన్నే పోగొట్టుకోవడం నాకు మింగుడుపడటం లేదు.

రాజమహేంద్రవరంలో హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగినా, దాని స్తంభాలు ఇంకా గోదావరిలో నిలిచే ఉన్నాయి. అక్కడ చేయగలిగింది ఉప్పునీటిలో చేయలేమని రైల్వే అంటే ఒప్పుకుంటాను. అప్పుడు కనీసం ఒక రెక్కనైనా విప్పి ఒడ్డుకు తెచ్చి, వంపు పలక, పళ్ల పట్టా, ఎదురు బరువు, తిప్పే కడ్డీలు విడిపోకుండా మళ్లీ బిగించి పాంబన్‌లోనే నిలపాలి. ఒట్టి దూలాల ముక్కకు రంగు వేసి నిలబెడితే లాభం లేదు, అది ఎలా కదిలేదో కనిపించాలి. చేత్తో తిప్పి చూసే చిన్న నమూనా ఒకటి పెరంబూరులో రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ దగ్గరున్న రైలు మ్యూజియంలో పెట్టి, తమిళం, తెలుగు, హిందీలలో వివరం రాయాలి. విప్పేముందు ప్రతి భాగాన్నీ కొలిచి డ్రాయింగులు గీయించాలి. ఈ పనికి ఇక్కడి పాలిటెక్నిక్ విద్యార్థులను పిలిస్తే ఉత్సాహంగా వస్తారు, నేనూ వస్తాను. అన్నిటికన్నా తొందర పడవలసింది ఇంకొకటుంది. ఆ కడ్డీలు తిప్పిన సిబ్బంది కొందరైనా ఇంకా ఉంటారు. గాలి ఎటున్నప్పుడు ఎంత బలం పెట్టేవారో, గ్రీజు ఎక్కడ ఎలా పూసేవారో వారి నోటనే చెప్పించి రికార్డు చేయమని దక్షిణ రైల్వేను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
పెరంబూరు, చెన్నై