విశాఖ షిప్పు ఎప్పుడండీ, మంత్రిగారూ?

కేంద్ర ఓడరేవులు, నౌకాయాన శాఖ మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం.

హిందీలో రాసిన అర్జీలు ఇచ్చాం. ఇంగ్లీషులో టైపు కొట్టించినవీ ఇచ్చాం. అన్నింటికీ ఒకే జవాబు, ‘పరిశీలనలో ఉంది’. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. మీకు చదివి వినిపించేవాళ్లు దొరక్కపోయినా, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లోని మావాళ్లయినా చదువుకుంటారు. అండమాన్‌లో, ఈ జంగ్లీఘాట్‌లో ఉండే మేనమామ పెళ్లికెందుకు రాలేదో వాళ్లకైనా అర్థమవుతుంది.

విషయం మీకు కొత్త కాదు. అండమాన్ రాజధాని శ్రీ విజయపురం నుంచి విశాఖపట్నం షిప్పు. మొన్నమొన్నటి దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరే లెండి. 2024 సెప్టెంబరులో పేరు మార్చడానికి ఢిల్లీ నుంచి ఒక్క ప్రకటన సరిపోయింది. షిప్పు తేదీ ఒకటి ఖాయం చేయడానికి ఎన్ని ప్రకటనలు కావాలో మాకు తెలియడం లేదు.

నెలకో ట్రిప్పు అన్న మాట మా నాన్న రోడ్డు పనుల్లో కూలీగా ఈ ఊరు వచ్చిన రోజుల నుంచీ వింటున్నాం. ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. ఉన్న నెలలో కూడా ఏ తేదీనో చివరిదాకా తేలదు. షెడ్యూల్ కాగితం మీద టెంటేటివ్ (మారొచ్చు) అని రాసి పెడతారు, ఆ కాగితంలో నికరంగా నిలబడేది ఆ మాటొక్కటే. అడిగితే షిప్పు రిపేరుకని డ్రై డాక్‌కి వెళ్లిందంటారు. వచ్చాక ఇంకో రూటుకి వేశామంటారు. వాతావరణం బాగోలేదంటే మేమేం మాట్లాడం, సముద్రం మధ్యలో బతికేవాళ్లం, గాలీ వానా మాకు తెలుసు. కానీ ఎండ కాస్తున్న రోజున సాంకేతిక కారణాలంటే ఏమనుకోవాలి?

దూరం ఎక్కువ, ఆయిలు ఖర్చు అంటారేమో. ప్రభుత్వం వేసిన లెక్కే చూడండి. మా ఊరి నుంచి చెన్నై 1,190 కిలోమీటర్లు, విశాఖ 1,200, కోల్‌కతా 1,255. చెన్నైకీ విశాఖకీ పది కిలోమీటర్ల తేడా. మరి చెన్నైకి నెలలో మూడు నాలుగు ట్రిప్పులు ఎలా కుదురుతున్నాయి? తమిళ సోదరులకు ఉన్నది తగ్గించమని కాదండీ, వాళ్లూ మాతోపాటు అదే లైన్లో నిలబడేవాళ్లే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో వందకి పదమూడు మంది తెలుగువాళ్లం. గొడవ పెట్టేవాళ్లం కాదు, చేపలు పట్టుకుని, సిమెంటు మోసుకుని, చిన్న చిన్న ఉద్యోగాలు చేసుకుని బతికేవాళ్లం. మాకొకటి, నికరంగా, అంతే.

విశాఖ షిప్పు లేని నెలలో మా ప్రయాణం ఎలా ఉంటుందో చెబుతాను, వినండి. ముందు చెన్నై టికెట్ కోసం కౌంటర్ దగ్గర తెల్లవారకముందే లైను. చేతిలో ఐలాండర్ కార్డు (దీవుల వాళ్లమని ఇచ్చే గుర్తింపు కార్డు) ఉంటుంది, చవకైన బంక్ మాత్రం అయిపోయిందంటారు. క్యాబిన్ ఉందంటారు, ఆ డబ్బు మా దగ్గర ఉండదు. దొరికితే రెండున్నర రోజులు సముద్రం మీద, పిల్లలు వాంతులు, ముసలాళ్లు ఆ కింది హాల్లో బంకుల మీంచి లేవలేరు. చెన్నైలో దిగాక ఊరు దగ్గర పడిందనుకుంటే పొరపాటే. అక్కణ్నుంచి హౌరా మెయిల్ పట్టుకుని పలాస దాకా ఉత్తరానికి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. షిప్పే నిలకడ లేనిది కాబట్టి రైలు రిజర్వేషన్ ముందుగా చేయించుకోలేం. చేయించుకుంటే షిప్పు వాయిదా పడుతుంది, రైలు వెళ్లిపోతుంది, టికెట్ డబ్బు మిగలదు. జనరల్ బోగీలో మూటల మీద కూర్చుని సోంపేట, ఇచ్ఛాపురం చేరిన ఆడవాళ్లు మా వీధిలో ఎంతమందో.

మా పెదనాన్న పోయినప్పుడు కబురు రాత్రి వచ్చింది. శవాన్ని చూడాలన్న ఆశ ఎలాగూ లేదు. పదకొండో రోజుకైనా అందుకోవాలనుకున్నాం. షిప్పు ఫలానా రోజన్నారు, తర్వాత రెండు రోజులు వెనక్కి అన్నారు, ఆ తర్వాత వచ్చే వారమన్నారు. ఇక్కడే సముద్రంలో స్నానం చేసి తల తుడుచుకున్నాం. మా ఇంట్లో ఒక్కరికే జరిగింది కాదిది, ఈ వీధిలో ఏ గడప అడిగినా ఇలాంటిదొకటి చెబుతారు.

విమానం ఉంది కదా అని మీ అధికారులొకరు నవ్వుతూ అన్నారు. ఉందండీ. 2023 జూలైలో ప్రధానిగారు ప్రారంభించిన కొత్త టెర్మినల్ చాలా అందంగా ఉంది, చుట్టాలొస్తే బయట నిలబెట్టి ఫోటోలు తీస్తున్నాం. విమానాల శాఖ కూడా ఇప్పుడు మా శ్రీకాకుళం ఎంపీ గారి చేతిలోనే ఉంది, సంతోషం. కానీ సంక్రాంతికీ, వేసవి సెలవులకీ ఆ టికెట్ ధర చూస్తే నలుగురున్న కుటుంబం పండగ మానుకుంటుంది. పైగా విమానంలో పదిహేను కిలోలు. అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ, సంవత్సరానికి సరిపడా కందిపప్పు, కొత్త కోడలి సారె, ఇవన్నీ ఎవరు మోస్తారు? షిప్పే కదా.

చదువుకునే పిల్లల సంగతి ఇంకోటి. విశాఖలో ఇంజనీరింగులు, డిగ్రీలు చదివే పిల్లలున్నారు. సెలవులు ఇచ్చిన పది రోజులకు షిప్పు వస్తుంది, కాలేజీ తెరిచాక తిరుగు షిప్పు. హాస్టల్ ఖాళీ చేయమంటే ఎక్కడుండాలని మా మేనకోడలు ఫోన్లో ఏడ్చింది, ఇక్కడ మాకు టెన్షన్.

మీరు అడగొచ్చు, ఇది స్థానికంగా చెప్పుకోవాల్సింది కదా అని. ఎవరికి చెప్పమంటారు? ఇది రాజధాని అంటారు. లెఫ్టినెంట్ గవర్నర్ గారి నివాసం ఉంది, సచివాలయం ఉంది, శాసనసభ లేదు. 2011 లెక్కల ప్రకారమే మూడు లక్షల ఎనభై వేల మందికి ఒక్క ఎంపీ. మున్సిపల్ కౌన్సిలర్‌ని అడిగితే నాది కుళాయిలు, కాలువలు అంటాడు. ఆ కుళాయిల గురించి కూడా రాయాలి గానీ, ఎండాకాలంలో నీళ్లు రోజు విడిచి రోజొచ్చినా పండగే, ఆ గొడవ ఇంకోసారి. దీవుల ఉత్తరం చివర నుంచి డిగ్లీపూర్ వాళ్లు, దక్షిణం చివర నుంచి కాంప్‌బెల్ బే వాళ్లు మెయిన్‌ల్యాండ్ వెళ్లాలంటే ముందు ఈ ఊరు చేరాలి. కాంప్‌బెల్ బే నుంచి షిప్పులోనే వచ్చి, ఇక్కడ విశాఖ షిప్పు కోసం చుట్టాల ఇళ్లలో పడిగాపులు పడుతుంటారు. రాజధాని మాకు వెయిటింగ్ రూమ్ అయింది.

గ్రేట్ నికోబార్‌లో గలాథియా బే దగ్గర ప్రపంచంలోని పెద్ద పెద్ద కంటైనర్ ఓడలు ఆగే రేవు కడతామంటున్నారు, వేల కోట్లు. విశాఖలో 2023 సెప్టెంబరులో దాదాపు వంద కోట్ల క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు, విహారానికి వచ్చేవాళ్ల కోసం. మంచిదే, రానివ్వండి. ఇక్కణ్నుంచి మెయిన్‌ల్యాండ్‌కి తిరిగే స్వరాజ్ ద్వీప్ షిప్పును కట్టింది కూడా విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులోనే. పుట్టింటికి నెలకోసారైనా రావడానికి దానికేం అడ్డమో కనుక్కుని చెప్పండి.

మేం అడిగేది పెద్దదేం కాదు. నెలకు రెండు ట్రిప్పులు. రెండు కాకపోతే ఒకటే వేయండి, కానీ నెలనెలా వేయండి, తేదీ చెప్పి వేయండి. ఆ తేదీ మూడు నెలల ముందే ప్రకటించండి, రైలు టికెట్లు చేయించుకుంటాం. సంక్రాంతికి, ఏప్రిల్, మే నెలల్లో అదనంగా ఒక షిప్పు. వాయిదా పడితే విశాఖలో చిక్కుకున్న కుటుంబాలకు తల దాచుకునే చోటు చూపించండి, చంటిపిల్లలతో రోడ్డు మీద ఉండే పరిస్థితి రానివ్వకండి. తేదీ చెప్పండి, చాలు.

దయచేసి ఈసారి ‘పరిశీలనలో ఉంది’ అని రాయకండి. వీలుకాదని రాసినా సరే, చెన్నై టికెట్ కోసం లైన్లో నిలబడతాం. వీలవుతుందంటే మాత్రం, జనవరి షిప్పు తేదీ దసరాలోగా చెప్పండి.

ఇట్లు,
జంగ్లీఘాట్ నుంచి ఒక ఐలాండర్
శ్రీ విజయపురం