బందరు నుంచి సౌమ్యకు

చి. సౌమ్యకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నకి మొన్న రక్తం గడ్డకట్టే వేగం చూసే పరీక్ష చేయించాం, ఐఎన్‌ఆర్ సరిగ్గానే ఉందన్నారు. పెరట్లో మామిడి ఈసారి పిందె బాగా నిలిచింది. కిందింటి వాళ్ళు ఖాళీ చేశారు. ఎవరెవరో వచ్చి చూసి వెళ్తున్నారు గానీ అద్దె దగ్గర తెగడం లేదు. బెంగళూరులో నీళ్ళకి కటకటగా ఉందని టీవీలో చూపిస్తున్నారు. తాగే నీళ్ళు డబ్బాలు కొంటున్నారా? కాచుకుని తాగడం మానకండి.

ఈ మధ్య నీ ఫోన్లు తగ్గాయి. నేను చేస్తే "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అని మెసేజ్ వస్తోంది, ఆదివారం కూడా. పని ఉంటుంది, కాదనను. అయితే పద్మ పిన్ని వచ్చినప్పుడు ఒక మాట అంది. నువ్వు అమెరికాలో మాడిసన్‌లోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో వచ్చిన పీహెచ్‌డీ సీటు వదులుకుని, వచ్చే ఏడాది మళ్ళీ హార్వర్డ్, యేల్ లాంటి ఆ పెద్ద పేర్లకే అప్లై చేస్తానంటున్నావని భాను చెప్పిందట. ఫోన్‌లో అడిగితే "అదేం లేదులే" అంటావు, అక్కడితో మాట ఆగిపోతుంది. అందుకని రాస్తున్నాను.

ఆ సంగతి అలా ఉంచు. నీ గదికి రంగులు వేయిస్తూ, గోడ మీది ఫొటో నలగకుండా తీసి దాచాను. అదే, తీగలు పాకిన ఇటుక గోడల యేల్ భవనం ఫొటో. నువ్వు ఇంటర్‌లో అతికించుకున్నావు. ఆ పేరు వెనక ఉన్న మనిషి గురించి అప్పుడే చెప్పాను, గుర్తుందో లేదో. ఎలిహు యేల్ మన మద్రాసులో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా దిగి, 1687 నుంచి 1692 దాకా సెయింట్ జార్జి కోటకి గవర్నరుగా పనిచేశాడు. సొంత వ్యాపారం కంపెనీ కొలువు చాటున చేసుకున్నాడు, వజ్రాలతో సహా. ఆ రోజుల్లో మద్రాసుకి చేరే వజ్రాలు ఎక్కువగా గోల్కొండ ప్రాంతంలోవి, మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల వైపువి. ఆయన హయాంలో ఆ రేవు నుంచి బానిసల్ని కూడా ఓడలెక్కించారు. చివరికి అవినీతి ఆరోపణల మీద పదవి ఊడింది. కూడబెట్టుకున్న డబ్బుతో లండన్ చేరాడు. అమెరికాలో కనెక్టికట్‌లో 1701లో పెట్టిన ఒక చిన్న కాలేజీ డబ్బుల్లేక అవస్థ పడుతుంటే తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి చిత్రపటం ఒకటి పంపాడు. సరుకు అమ్మితే 562 పౌన్లు వచ్చాయి. 1718లో కాలేజీకి ఆయన పేరు పెట్టేశారు.

హార్వర్డ్‌దీ అలాంటి కథే, మనిషి మాత్రం మంచివాడు. 1636లో మసాచుసెట్స్ వలస ప్రభుత్వం కాలేజీ పెట్టింది, చర్చిలకు చదువుకున్న పాదిరీలు కావాలని. జాన్ హార్వర్డ్ అనే యువ పాదిరి 1638లో పోతూ పోతూ సగం ఆస్తి, ఓ 400 పుస్తకాలు దానికి రాశాడు. మరుసటేడు ఆయన పేరు స్థిరపడింది. ఇవాళ ఆ యూనివర్సిటీ నిధి 5,000 కోట్ల డాలర్లు దాటింది. దాదాపు నాలుగు వందల ఏళ్ళుగా డబ్బూ పేరూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ వచ్చాయి. అంత నిధి ఉన్నచోట గొప్ప ప్రొఫెసర్లు ఉంటారు, గొప్ప లాబ్‌లు ఉంటాయి. అవి గొప్పవి కావని నేను ఎప్పుడూ అనను, అంటే అబద్ధం అవుతుంది. నువ్వు కోరుకోవడంలో తప్పేమీ లేదు.

కానీ ఎవరిని లోపలికి రానిచ్చారు, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపారు అన్నది కూడా చూడాలి కదమ్మా. 1922లో హార్వర్డ్ ప్రెసిడెంటు లోవెల్, యూదు పిల్లలు ఎక్కువైపోతున్నారని వాళ్ళ సంఖ్యకు హద్దు పెట్టబోయాడు. అధ్యాపకులు ఒప్పుకోలేదు. తర్వాత మార్కులతో పాటు నడవడిక, వ్యక్తిత్వం అంటూ చూడడం మొదలుపెట్టారు, వాళ్ళ సంఖ్య తగ్గిపోయింది. యేల్, ప్రిన్స్‌టన్ డిగ్రీ తరగతుల్లో ఆడపిల్లల్ని చేర్చుకున్నది 1969లో! అప్పటికి నేను పుట్టేశాను. ఇక ఐవీ లీగ్ అని మీరంతా కలవరించేది 1954లో ఎనిమిది యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న ఆటల పోటీల సంఘం. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ అందులో లేనే లేవు. ఒక కమిటీ ఆ ఏడాది ఉన్న సీట్లకి నీ పేరు తీసుకోలేదంటే నీ తెలివి ఆ మేరకు తగ్గిపోయినట్టు అనుకోకు. నువ్వు అలా అనుకుంటున్నావేమోనని నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి మామ్మ చెప్పేది కదా, బోదకాలు మాత్రల ఆయన అని. బోస్టన్ వెళ్ళి, 1930లో హార్వర్డ్‌లోనే పీహెచ్‌డీ తీసుకున్నారు. ఫాస్ఫరస్ కొలవడానికి అక్కడి ఫిస్కే అనే ఆయనతో కలిసి ఆయన పెట్టిన పద్ధతి నువ్వు కూడా లాబ్‌లో చేసే ఉంటావు. అంత చేసినా హార్వర్డ్ ఆయన్ని పర్మనెంట్ చేయలేదు. 1940లో ఒక మందుల కంపెనీకి వెళ్ళిపోయారు. ఫోలిక్ ఆమ్లం మీద పని, బోదకాలు మందు, కాన్సర్‌కి తొలి మందులు, అన్నీ అక్కడే. 1948లో పోయారు పాపం, 53 ఏళ్ళకే.

నాన్న రోజూ రాత్రి భోజనం అయ్యాక, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ మాత్ర సంగతి నీకు తెలుసో తెలియదో. గుండె వాల్వు ఆపరేషన్ అయినప్పుడు డాక్టరుగారు ఈ మాత్ర జీవితాంతం మానకూడదన్నారు. ఈ మందు ఎక్కడ పుట్టిందా అని అప్పుడే వెతికి చదివాను. 1933 ఫిబ్రవరి, శనివారం, విస్కాన్సిన్‌లో మంచు తుపాను. ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు దొడ్లో పశువులు ఒక్కొక్కటే రక్తం కారి చచ్చిపోతున్నాయి. ఆయన చచ్చిన పెయ్యని, గడ్డకట్టని రక్తం ఉన్న పాలక్యాను, కొంత ఎండుగడ్డిని బండిలో వేసుకుని ఆ తుపానులో 300 కిలోమీటర్లు మాడిసన్ వచ్చాడు. పశువైద్యాధికారి ఆఫీసు మూసేసి ఉంది. తిరిగి తిరిగి, తెరిచి ఉన్న యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ భవనంలోకి వెళ్ళాడు. అక్కడ కార్ల్ లింక్ అనే ప్రొఫెసర్ ఉన్నాడు. ఆయన చెప్పగలిగింది ఆ రోజుకి ఒక్కటే, పాడైన తీపి క్లోవర్ గడ్డి పెట్టడం ఆపమని. రైతు మళ్ళీ ఆ మంచులోనే ఇంటికి వెళ్ళాడు. కానీ ఆ క్యాను, ఆ గడ్డి అక్కడే ఉండిపోయాయి. లింకూ ఆయన శిష్యులూ ఆరేళ్ళు దాని మీద పడ్డారు. గడ్డి బూజుపట్టినప్పుడు పుట్టే పదార్థాన్ని 1939లో విడదీశారు. దాని వెంటే ఇంకా ఎన్నో తయారుచేశారు. వాటిలో ఒకటి 1948లో ఎలుకల మందుగా బజారుకి వచ్చింది, 1954లో మనుషులకి వాడొచ్చన్నారు, ఆ మరుసటేడు గుండెపోటు వచ్చిన ప్రెసిడెంటు ఐజెన్‌హోవర్‌కీ ఇచ్చారు. అదే వార్ఫరిన్. నాన్న మోతాదు ఎంతో, ఆకుకూర ఎంత తినాలో నేను లెక్క రాసి పెడుతున్నాను, గోంగూర దగ్గర మాత్రం రోజూ గొడవే.

ఆ రైతుకి తెరిచి ఉన్న ఆ డిపార్ట్‌మెంట్ వాళ్ళే నిన్ను రమ్మంటున్నారు. ఫీజు మాఫీ చేసి, స్టైపెండ్ ఇస్తామని! మన దేశం నుంచి వెళ్ళిన శాస్త్రవేత్త హరగోబింద్ ఖొరానాగారు 1960 నుంచి పదేళ్ళు మాడిసన్‌లో ఉన్నారు, 1968లో నోబెల్ వచ్చింది అక్కడ చేసిన పనికే. ఆ రాష్ట్రం ఏర్పడిన 1848లోనే ఆ యూనివర్సిటీ పుట్టింది. 1862 చట్టంతో ప్రభుత్వం రాష్ట్రాలకి భూములిచ్చి, వాటి సొమ్ముతో వ్యవసాయం, ఇంజనీరింగ్ చెప్పమంది, ఈ యూనివర్సిటీకీ అలా భూములొచ్చాయి. ఆ భూములు అక్కడి ఆదివాసుల దగ్గర లాక్కున్నవి, అదీ నిజమే. అయినా రాష్ట్రంలో ప్రతి ఇంటికీ యూనివర్సిటీ మేలు అందాలని ఆ యూనివర్సిటీ ప్రెసిడెంటు వాన్ హైస్ గట్టిగా చెప్పాడు, చేసి చూపించాడు.

ఏప్రిల్ 15 లోగా జవాబు ఇవ్వాలని నువ్వే ఫిబ్రవరిలో అన్నావు. ఎవరో కన్సల్టెన్సీ వాళ్ళు వచ్చే ఏడాది తప్పకుండా వస్తుందని అంటే నమ్మకు. వాళ్ళకి ఫీజు వస్తుంది, నీకు ఏడాది పోతుంది. నీ ప్రొఫెసర్‌ని ఎవరిని ఎంచుకుంటావో, ఆయన దగ్గర పిల్లలు ఎన్నేళ్ళకి బయటపడుతున్నారో అడిగి తెలుసుకో, పేరు కంటే అది ముఖ్యం. అక్కడి పిల్లలకి మెయిల్ పెట్టు, సిగ్గు పడకు. నువ్వు ఇంకా వద్దనుకుంటే, ఎందుకు వద్దో నాకు చెప్పు. బాధ వేస్తే ఏడువు, మా దగ్గర ఏడువు. మూడు "లేదు"లు వచ్చిన పిల్లవి ఒక్కదానివే గదిలో కూర్చుని అన్నం మానేస్తావని నాకు భయం. భాను అది కూడా చెప్పింది.

అక్కడ చలికాలం సున్నా కింద డిగ్రీలట. రాజా పాత స్వెట్టర్లు నీకు పనికిరావు, ఇక్కడ కొనొద్దు, అక్కడే కొనుక్కో, డబ్బు నాన్న పంపుతారు. ఆ జ్ఞానదంతం వెళ్ళేముందే తీయించుకో, అక్కడ పన్ను పీకించుకుంటే చాలా ఖర్చట. పాస్‌పోర్టు గడువు చూసుకున్నావా? కందిపొడి, కారప్పొడి అప్పుడే వద్దు, వెళ్ళేముందు తాజాగా కొడతాను. ఈలోపు పెరుగన్నమైనా వేళకి తిను. నాన్న ఆదివారం పదకొండింటి నుంచి ఫోన్ దగ్గరే ఉంటారు. ఆయన ఏమీ అడగరు, నీ గొంతు వింటే చాలు.

ఆశీస్సులతో,
అమ్మ

తా.క.: భానుని ఏమీ అనకు. అది నీ మీద బెంగతోనే చెప్పింది. పిన్ని నాతో చెప్పినట్టు కూడా దానికి తెలియదు.