మూడు గంటల పెళ్లి వీడియోకు 54 జీబీ ఎందుకు?

సంపాదక మహాశయా,

పెళ్లి ముహూర్తాలు మళ్లీ దగ్గర పడుతున్నందున, పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలవారూ, వాటిని తీయించుకునే కుటుంబాలవారూ చదువుతారన్న ఆశతో ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇటీవల మా మేనకోడలి పెళ్లి వీడియోను మా ఊరి స్టూడియో ఒకటి 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చింది. నిడివి మూడు గంటలు, ఫైలు 54 జీబీ. మా బావగారింట్లోని పాత టీవీ దాన్ని అసలు తెరవలేదు. నా ల్యాప్‌టాప్‌లో ఆగి ఆగి నడిచింది. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి పంపుదామంటే, సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో అప్‌లోడ్ చేయగల మా ఇంటి నెట్ మీద ఆరు గంటలు పడుతుందని లెక్క తేలింది. స్టూడియోకు వెళ్లి అడిగితే, "ఫోర్‌కేలో ఇచ్చామండీ, క్వాలిటీ కావాలంటే ఆ సైజు తప్పదు" అన్నారు. ఆ జవాబుతో నాకు పేచీ ఉంది.

ఫైలు ఎంత బరువుండాలో నేరుగా తేల్చేది రిజల్యూషన్ (బొమ్మలోని పిక్సెళ్ల, అంటే రంగు చుక్కల, సంఖ్య) కాదు, బిట్‌రేటు. అంటే ఒక్కొక్క సెకను దృశ్యానికి ఎన్ని బిట్లు ఖర్చు పెట్టమని ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌కు చెప్పాడన్నదే అసలు సంగతి. ఆ సంఖ్యను మెగాబిట్లలో తీసుకుని, వీడియోలోని సెకన్లతో గుణించి, ఎనిమిదితో భాగిస్తే (ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక) ఫైలు ఎన్ని మెగాబైట్లో వచ్చేస్తుంది. మూడు గంటలంటే 10,800 సెకన్లు. 40 మెగాబిట్ల చొప్పున గుణించి భాగిస్తే 54,000 మెగాబైట్లు, అంటే మాకు ఇచ్చిన 54 జీబీ. అదే 8 మెగాబిట్లయితే 10.8 జీబీతో సరిపోయేది, ఆరు గంటల అప్‌లోడ్ డెబ్బై రెండు నిమిషాలకు దిగేది. సన్నాయి మేళం చక్కగా వినబడటానికి ధ్వనికి 192 కిలోబిట్లు కేటాయించినా మూడు గంటలకు మరో 260 మెగాబైట్లే చేరుతుంది కనుక, అక్కడ పిసినారితనం చూపి పెద్దగా మిగుల్చుకునేదేమీ లేదు. తుది ఫైలును తయారుచేసే ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కే ముందు ఈ గుణకారానికి అర నిమిషం చాలు.

ఇక ఫోర్‌కే మాట. ఆరా తీస్తే, మండపంలో కెమెరాలు తీసింది 1920 అడ్డం, 1080 నిలువు పిక్సెళ్ల ఫుల్ హెచ్‌డీలోనేనని తెలిసింది. చివరిలో మాత్రం 3840, 2160 పిక్సెళ్ల ఫోర్‌కేగా సాగదీసి ఎక్స్‌పోర్ట్ చేశారు. సుమారు 20.7 లక్షల పిక్సెళ్ల బొమ్మను 83 లక్షలకు పెంచినంత మాత్రాన కెమెరా చూడని పట్టుచీర అంచు జరీ కొత్తగా పుట్టుకురాదు. ఇది శేరు పాలలో మూడు శేర్ల నీళ్లు పోసి, నాలుగు శేర్ల పాలని కొలిచి ఇవ్వడమే. సెకనుకు 25 ఫ్రేములుగా (విడి బొమ్మలుగా) తీసినదాన్ని 50 చేసి ఇచ్చే అలవాటూ ఇదే కోవలోకి వస్తుంది.

నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ని కాబట్టి, కుదింపు ఎలా జరుగుతుందో ఒక్క మాట చెప్పనివ్వండి. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేమునూ మొదటినుంచీ రాసుకోదు; ముందు ఫ్రేముకూ దీనికీ తేడా ఏమిటో ఎక్కువగా దాన్నే రాసుకుంటుంది. పురోహితుడు మంత్రాలు చదువుతుండగా వధూవరులు కదలకుండా కూర్చున్న పది నిమిషాల్లో తేడా దాదాపు లేనట్టే కాబట్టి, సెకనుకు రెండు మూడు మెగాబిట్లతోనే అది శుభ్రంగా ఉంటుంది. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. వందలాది బియ్యపు గింజలు ఒక్కొక్కటి ఒక్కో దారిన ఎగురుతుంటే, వెనక లైట్లు మిణుకుమంటుంటే, బిట్లు చాలని చోట తెరంతా చదరపు గళ్లుగా చెదిరిపోతుంది. అందుచేత పెళ్లంతటికీ ఒకే బిట్‌రేటు బిగించే కాన్‌స్టంట్ పద్ధతికి బదులు, అవసరమున్న చోట ఎక్కువ, లేని చోట తక్కువ వాడే వేరియబుల్ పద్ధతిని ఎంచుకుని, సగటు 8, గరిష్ఠం 16 మెగాబిట్లుగా పెడితే తలంబ్రాలూ నిలుస్తాయి, ఫైలూ అదుపులో ఉంటుంది. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కుదింపు సాఫ్ట్‌వేర్‌లో అయితే బిట్‌రేటుకు బదులు నాణ్యత సంఖ్య ఇవ్వవచ్చు. ఫుల్ హెచ్‌డీకి 20 నుంచి 24 మధ్య బాగుంటుంది. ఆ సంఖ్య ఎంసెట్ ర్యాంకు లాంటిది: తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది.

కుదింపు పద్ధతిని ఎంచుకునేటప్పుడు చూసేవారి టీవీ వయసును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2003లో వచ్చిన హెచ్.264 అనే కుదింపు పద్ధతిని ఇప్పుడు తెరవని పరికరం అరుదు. 2013 నాటి హెచ్.265 దాదాపు సగం బిట్లతోనే అదే నాణ్యతనిస్తుంది గానీ పాత టీవీల్లో నడవదు. పైగా ఆ టీవీల్లో చాలావాటికి తెలిసిన ఫ్యాట్32 (ఫైళ్లను అమర్చే ఒక పాత పద్ధతి) పెన్‌డ్రైవ్‌లో ఒక్క ఫైలు 4 జీబీ (నేను పైన వాడిన కొలతలో సుమారు 4,290 మెగాబైట్లు) దాటకూడదు. సగటు 6 మెగాబిట్లతో ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ హద్దులో గంటన్నర వీడియో పడుతుంది కనుక, పెళ్లికూతుర్ని చేయడం నుంచి జీలకర్రా బెల్లం దాకా ఒకటి, మాంగల్యధారణ నుంచి అప్పగింతల దాకా ఇంకొకటి అని రెండు ఫైళ్లుగా ఇస్తే పెద్దవాళ్లకు వెతుక్కునే బాధా తప్పుతుంది.

కుదించమన్నారు కదా అని మరీ పిండేయడమూ తప్పే, ఆ తప్పు నేనే చేశాను. 2020లో లాక్‌డౌన్ వేళ ఇంటర్ విద్యార్థుల కోసం నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు రికార్డు చేశాను. సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టిన 16 మెగాబిట్లతో నలభై నిమిషాల పాఠం 4.8 జీబీ అయింది. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఉన్న పిల్లవాడు దాన్నెలా దించుకుంటాడు? కంగారుపడి, రిజల్యూషన్‌ను 240 నిలువు పిక్సెళ్లకు, బిట్‌రేటును అట్టడుగుకు దించి పంపాను. మర్నాడు ఒక విద్యార్థిని ఫోన్ చేసి, "సార్, సమీకరణంలో ఉన్నది వి వన్నా, వి టూనా? కింద అంకె కనబడటం లేదు" అంది. సరిచేద్దామంటే మాతృక ఫైలును అప్పటికే చెరిపేశాను. కుదించినదాన్ని మళ్లీ పెంచితే పోయిన అంకె తిరిగి రాదు. ఆ పాఠం మళ్లీ చెప్పి, 720కి ఒకటిన్నర మెగాబిట్లతో ఇస్తే 450 మెగాబైట్లలో ప్రతి అక్షరమూ చదవగలిగారు. అందుకే స్టూడియోలు కూడా కెమెరా ఫైళ్లను కనీసం కుటుంబం వీడియో చూసి సరేననే దాకా చెరపకూడదని నా మనవి.

యూట్యూబ్‌లో పెట్టే వీడియోలకు 54 జీబీ వల్ల ఒరిగేది మరీ తక్కువ. మనం ఏది ఎక్కించినా యూట్యూబ్ దాన్ని మళ్లీ తన పద్ధతిలో కుదించుకుంటుంది, మామూలు ఫ్రేమ్ రేటుతో ఉన్న ఫుల్ హెచ్‌డీకి ఆ సంస్థ సిఫారసు చేసేదే 8 మెగాబిట్లు.

స్టూడియోలవారు ఆల్బమ్ కాగితం మందం, పేజీల లెక్క బిల్లు మీద రాస్తున్నారు. అదే బిల్లు మీద వీడియోను ఏ రిజల్యూషన్‌లో తీశారో, ఎంత బిట్‌రేటుతో, ఏ కుదింపు పద్ధతిలో ఇస్తున్నారో మరో వరుస రాయాలని కోరుతున్నాను. బయానా తీసుకునేటప్పుడే "వీడియో ఎక్కడ చూస్తారండీ, టీవీలోనా, ఫోన్‌లోనా?" అని అడిగితే మంచిది. మా విషయంలో స్టూడియో కుర్రాడు నా లెక్క విని, విసుక్కోకుండా రెండు ఫైళ్లుగా 6 మెగాబిట్లతో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి ఇచ్చాడు. ఆ సాయంత్రమే మా బావగారు తన పాత టీవీలో కూతురి అప్పగింతలు చూసి మరోసారి కళ్లు తుడుచుకున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి