ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయంపై ఫిర్యాదు

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

అయ్యా,

నేను గుంటూరు బ్రాడీపేట నివాసిని. గత నెలలో మా 14 నెలల మనవరాలికి తెల్లవారుజాము నుంచి నీళ్ళ విరేచనాలు పట్టుకోగా, మా అబ్బాయి మందుల షాపుకు వెళ్ళి ఓఆర్ఎస్ అడిగితే మీ కంపెనీ 200 మిల్లీలీటర్ల డబ్బాలు మూడు ఇచ్చారు. డబ్బా ముందువైపు ఓఆర్ఎస్ అన్న అక్షరాలు బొటనవేలంత ఉన్నాయి. విరేచనాలకు వాడదగినది కాదన్న వాక్యం మాత్రం వెనుక మడత దగ్గర, కళ్ళజోడు పెట్టుకున్నా ఆనని సన్నని ఇంగ్లీషు అక్షరాలలో ఉంది.

తియ్యగా ఉండటంతో పిల్ల ఇష్టంగానే తాగింది. తాగినకొద్దీ విరేచనాలు ఎక్కువయ్యాయి. సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయాయి, ఏడ్చినా కన్నీరు రాలేదు, పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే ఆ ముడత వెంటనే సర్దుకోలేదు. కొత్తపేటలో పిల్లల డాక్టరుగారు ఆసుపత్రిలో చేర్చుకుని రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. దేవుడి దయవల్ల ఇప్పుడు కోలుకుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉండాలి. అంటే 200 మిల్లీలీటర్లకు గ్లూకోజ్ మూడు గ్రాములైనా ఉండదు. మీ డబ్బా మీద మీరే అచ్చువేసిన లెక్క 22 గ్రాముల చక్కెర. ఉప్పు, గ్లూకోజ్ తగుపాళ్ళలో ఉన్నప్పుడు చిన్నపేగు ఆ రెంటినీ కలిపి పీల్చుకుంటుందనీ, వాటి వెంటే నీరూ ఒంటికి పడుతుందనీ, చక్కెర మితిమీరితే ఒంట్లోని నీరే పేగులోకి దిగి విరేచనం ఇంకా పలచబడుతుందనీ డాక్టరుగారు మాకు ఓపికగా వివరించారు. ఈ సంగతి తయారుచేసే మీకు తెలియదని నేను అనుకోలేను.

ఇటువంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించిన తరువాత కూడా పాత డబ్బాలు మా ఊరి షాపులలో ఉండటం మీ బాధ్యతే. గుంటూరు జిల్లాలోని ఆ సరుకంతా వెనక్కి తీసుకోవాలనీ, ఇది విరేచనాల మందు కాదని ప్రతి మందుల షాపులో తెలుగులో బోర్డు పెట్టించాలనీ కోరుతున్నాను. డబ్బాల ఖరీదు నాకు వాపసు అక్కరలేదు.

బిల్లు, డిశ్చార్జి కాగితాల నకళ్ళు జతచేశాను. మూడో డబ్బా విప్పకుండా నా దగ్గర ఉంది. 15 రోజులలో లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే దానిని జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఉంచుతాను.

ఇట్లు,
భవదీయుడు