దాచుకోవడమే లాభమైతే ఎవరు పంచుకుంటారు? కేంద్ర శాస్త్ర సాంకేతిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో వరి జన్యువులపై పరిశోధన చేయిస్తున్న అధ్యాపకుడిని. మా విద్యార్థిని ఒకరు ఒక యాంటీబాడీతో (ఒక నిర్దిష్ట ప్రోటీన్‌ను వెతికి అతుక్కునే పదార్థం) పద్నాలుగు నెలలు కుస్తీ పట్టారు. పరీక్షలో ఆ ప్రోటీన్ ఉనికిని చూపే గీత పడాల్సిన చోట కాక, ప్రతిసారీ దానికి పైన ఇంకెక్కడో పడేది. అది వరిలో పనిచేయదని మరో ల్యాబు వారికి రెండేళ్ల ముందే తెలుసునని, ఒక సదస్సులో భోజనాల దగ్గర వారి విద్యార్థి నోరు జారితే గాని మాకు తెలియలేదు. ఆ ల్యాబు మాకు ఆటోలో పావుగంట దూరం. వారిని తప్పుపట్టలేను. చెబితే వారికి ఒరిగేదేమీ లేదు సరికదా, తాము ఏ జన్యువు వెంట పడుతున్నారో పోటీలో ఉన్న మాకు ఉప్పందించినట్టవుతుంది. మా నోటుపుస్తకాల్లోనూ అలాంటి ఫలితాలు మగ్గుతున్నాయి.

ఫలితాలను పంచుకోవడాన్ని శాస్త్రవేత్తల మంచితనానికి వదిలేస్తే తెమలదు. మనిషి డీఎన్ఏ మొత్తాన్నీ అక్షరం అక్షరంగా చదివిన మానవ జీనోమ్ ప్రాజెక్టు వారు 1996లో బెర్ముడాలో సమావేశమై, వెయ్యి అక్షరాలు దాటిన ప్రతి జన్యుక్రమ ఖండాన్నీ 24 గంటల్లో అందరికీ అందుబాటులో పెట్టాలని ఒప్పుకున్నారు. జాన్ సల్‌స్టన్, రాబర్ట్ వాటర్‌స్టన్ అప్పటికే ఒక చిన్న నులిపురుగు జన్యుక్రమంపై పనిచేస్తూ ఆ అలవాటు చేసుకున్నవారే. అయినా ఆ మాట నిలబడడానికి, డబ్బిచ్చే సంస్థలు దాన్ని నియమంగా స్వీకరించడం ఎంతో తోడ్పడింది.

మనకు విధానాలు లేవని అనను. ప్రభుత్వ నిధులతో వెలువడిన పేపర్లను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలని మీ మంత్రిత్వ శాఖలోని రెండు విభాగాలు 2014 డిసెంబరులోనే చెప్పాయి. ఫరీదాబాదులో 2022లో జీవశాస్త్ర డేటా కేంద్రం ప్రారంభమైంది. 10,000 మంది భారతీయుల జన్యుక్రమాలు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. కానీ పదోన్నతి కోసం నేను నింపిన దరఖాస్తులో పేపర్లకు పేజీలకు పేజీలు ఉన్నాయి, జమ చేసిన డేటాకు ఒక్క గడి కూడా లేదు.

పరిశోధనలకు నిధులిచ్చే, మీరు ఉపాధ్యక్షులుగా ఉన్న అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ గ్రాంట్ల మదింపులో ఇతరులు వాడుకున్న డేటాకూ, విఫలమైన ప్రయోగాల నివేదికకూ పేపరుతో పాటు విలువ కట్టాలని, చివరి విడత నిధులను వాటిని జమ చేయడంతో ముడిపెట్టాలని నా విన్నపం. చిన్న ల్యాబులకు ఇంకో భయం ఉంది: డేటా బయటపెడితే, యంత్రాలూ మనుషులూ ఎక్కువున్నవారు ముందుగా పేపరు వేసేస్తారని. ప్లాస్ బయాలజీ పత్రిక 2018లో, అదే ఫలితాన్ని వేరొకరు ముందుగా ప్రచురించినా ఆరు నెలల్లోపు వచ్చిన రెండో పేపరును ఆ కారణంగా తిరస్కరించబోమని ప్రకటించింది. మన అకాడమీల పత్రికలూ ఆ దారి పట్టేలా మీరు చొరవ తీసుకోవచ్చు.

మా విద్యార్థిని ఆ పద్నాలుగు నెలల ఫలితాలను తేదీలతో, బ్యాచ్ నంబర్లతో సహా పట్టిక వేసి ఉంచారు. వాటిని ఎక్కడ జమ చేయాలో, చేస్తే ఆమె పేరు ఏ లెక్కలో కనిపిస్తుందో మీ శాఖ తెలియజేయాలని కోరుతూ,

భవదీయుడు,
ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకుడు, హైదరాబాదు