ఓరుగల్లు జనం ఏం తిన్నారో పద్యాల్లో ఉంది

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో కాకతీయుల మీద వచ్చిన వ్యాసం చదివాను. కోట గురించి, తోరణాల గురించి, యుద్ధాల గురించి బాగా రాశారు. కానీ ఆనాటి మామూలు జనం ఎలా బతికారో చెప్పే ఆధారాలు లేవన్న ముక్క మాత్రం ఒప్పుకోలేను. ఆధారాలున్నాయి, మన పద్యాల్లోనే ఉన్నాయి.

నేను తెలుగు ఎం.ఏ. చదివాను. హనుమకొండలో కాలేజీ పిల్లలకు మెస్ నడుపుతున్నాను. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. అందులో పూటకూళ్ల ఇంటి పద్యం ఒకటుంది. లక్ష్మణవజ్ఝల వారింట్లో అప్పటి నాణెం ఒక్క రూకకు ఏమేం పెడతారో కవి వరసగా చెబుతాడు: కప్పురభోగి బియ్యపన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుకునే వంటకాలు, గడ్డపెరుగు. రోజూ వండి వడ్డించే నాకు ఇందులో చాలా సంగతులు తెలుస్తాయి. డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇల్లు ఉందంటే, పనుల మీద పొరుగూళ్ల నుంచి వచ్చిపోయేవాళ్లు చాలామందే ఉండాలి. నెయ్యి, పెరుగు అంత ధారాళంగా వెయ్యాలంటే పాడి దగ్గర్లోనే ఉండాలి. అన్నీ కలిపి ఒకే ధర అనేది ఇప్పుడు మేం ఫుల్ మీల్స్ అని బోర్డు పెట్టే పద్ధతే. ఈ పద్యాన్ని మా మెస్ గోడ మీద రాయించాను. ఇంజినీరింగ్ పిల్లలు కూడా ఆగి చదువుతారు.

క్రీడాభిరామాన్ని రాసింది వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్న వాదం పండితులకు వదిలేద్దాం. 1323లో కాకతీయ రాజ్యం పడిపోయాక వచ్చిన రచన కాబట్టి ప్రతి మాటనూ సాక్ష్యంగా తీసుకోలేమన్నదీ నిజమే. అయినా తిండి, ధర, ఇంటిపేరుతో సహా చెప్పిన పద్యాన్ని పక్కన పెట్టి ఆధారాలు లేవనడం అన్యాయం.

అందరూ అలా తిన్నారని నేననడం లేదు. పల్నాటి జనానికి జొన్నకలి, జొన్నంబలి, జొన్నన్నమే తప్ప "సన్నన్నము సున్న సుమీ" అని శ్రీనాథుడి చాటువు, అంటే సందర్భాన్ని బట్టి చెప్పిన విడి పద్యం. ఆయన వేళాకోళంగా అని ఉండొచ్చు. ఆ జొన్నలు దంచి, విసిరి, వండిన ఆడవాళ్ల చాకిరీ మాత్రం వేళాకోళం కాదు.

రైతు కష్టం తెలియాలంటే శ్రీనాథుడి పేరు మీదే ఉన్న బొడ్డుపల్లె పద్యం చదవాలి. ఆ ఊళ్లో ఆయన గుత్తకు తీసుకున్న పొలంలో పంటను కృష్ణ వరద ఊడ్చుకుపోయింది, మిగిలిన నువ్వులు, పెసలు పిట్టలు తినేశాయి. కట్టాల్సిన ఏడు నూర్ల టంకాలు (అప్పటి నాణేలు) కట్టలేకపోయాడు. ఎండలో వీధిలో నిలబెట్టారు, మెడలో పొగడదండ అనే శిక్షా సాధనం వేశారు, భుజాన నల్లరాతి గుండు ఎత్తారు, కాళ్లకు సంకెళ్లు తగిలించారు. కవిసార్వభౌముడికే ఇంత శిక్ష వేస్తే ఊరూ పేరూ లేని కౌలురైతును ఏం చేసి ఉంటారు?

పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో చాకలి మడివాలు మాచయ్య, మేదర కేతయ్య లాంటి కష్టజీవుల కథలున్నాయి. ఆయనే రాసిన పండితారాధ్య చరిత్రలో అప్పటి జనం పాడుకున్న తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాల పేర్లు దొరుకుతాయి. సురవరం ప్రతాపరెడ్డి గారు ఇలాంటి కావ్యాలన్నీ గాలించి 1949లోనే ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. దానికి సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. అలాంటి పుస్తకం చేతిలో ఉండగా పిల్లలకు ఇంకా రాజుల వరస మాత్రమే అప్పజెప్పిస్తున్నాం. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఆదివారం అనుబంధంలో ఇలాంటి పద్యాలను అర్థంతో సహా వారానికొకటి వేయండి. వరంగల్ కోటలో ఇది ఫలానా రాజు కట్టించింది అని చెప్పే బోర్డుల పక్కనే పూటకూళ్ల ఇంటి పద్యాన్ని కూడా అందరికీ కనబడేలా పెట్టమని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మెస్ నిర్వాహకురాలు,
హనుమకొండ